సభ్యుల జీవితరేఖలు - కులచరిత్రమునకు వాని యావశ్యకత

మన సంఘ వార్షిక మహాసభల సందర్భమున వెలువడు సంచికలలో సభ్యుల ఛాయాపటములును, వాని క్రింద వారి జీవితసంగ్రహములును ముద్రించుట చిరకాలముగా వచ్చుచున్న యాచారము. సంచిక చేతికి రాగానే చదువరులు మొదట తెఱచునవి యా పుటలే. తమ యూరివారు, తమ బంధువులు, తమ యింటిపేరువారు అందున్నారా యని వెదకి చూచి సంతోషింతురు. సంచిక పాతబడిన పిమ్మట అందలి యుపన్యాసములను మరల చదువువారు మిక్కిలి తక్కువ. పేర్లకొఱకు వెదకువారు మాత్రము ఎప్పటికిని ఉందురు. ఇంత యాదరము గల పుటలను మనము చోటు నింపుటకై వాడుకొనుచున్నామా, లేక చరిత్రమునకు సాధనముగా దిద్దుకొనుచున్నామా యని విచారించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

పద్మశాలీ కులమునకు వస్త్రచరిత్రము కలదు; వ్యక్తిచరిత్రము మిక్కిలి స్వల్పము. మన పూర్వులు నేసిన బట్ట దేశదేశములకు పోయినది, రాజులు ధరించిరి, యాత్రికులు కొనియాడిరి. ఆ బట్ట నేసిన వాని పేరేమి, వాని యూరేది, వానికి పని నేర్పినవారెవ్వరు అని యడిగినచో బదులు చెప్పుటకు మనయొద్ద కాగితము లేదు. ఈ లోపము నిన్న నేడు వచ్చినది గాదు. దీని మూలము తెలియవలెనన్న కొంత వెనుకకు పోవలసియున్నది.

ప్రాచీన శ్రేణులు

వృత్తిసంఘములు మన దేశమునకు క్రొత్తవి గావు. ప్రాచీనకాలమున వానిని శ్రేణులనిరి. నాసికము చెంతనున్న గుహలలో నహపాన క్షత్రపుని యల్లుడగు ఉషవదాతుని శాసనమొకటి కలదు. అది సుమారు పందొమ్మిది వందల యేండ్ల క్రిందటిది. ఆ నహపానుని జయించినవాడే మన శాతవాహన ప్రభువగు గౌతమీపుత్ర శాతకర్ణి. ఉషవదాతుడు 3000 కార్షాపణములను గోవర్ధనమందలి నేతగాండ్ర శ్రేణులలో శాశ్వతనిక్షేపముగా నుంచెను. అందు 2000 ఒక శ్రేణియొద్ద నెలకు నూటికొకటి చొప్పునను, 1000 మఱియొక శ్రేణియొద్ద నెలకు నూటికి ముప్పాతిక చొప్పునను వడ్డికి పెట్టబడినవి. మొదటి వడ్డితో గుహలోని భిక్షువులకు వస్త్రములీయవలెనని నియమము. రాజబంధువు తన ధర్మధనమును శాశ్వతముగా నమ్మి యుంచదగినంత పరపతి ఆనాటి నేతవారి సంఘములకు కలదని దీనివలన తెలియుచున్నది. కాని యా ధనమును పుచ్చుకొని పూచీపడిన పెద్దల పేర్లు శాసనమున లేవు.

మాళవదేశమందలి దశపురమున, అనగా నేటి మందసోరున, లభించిన శాసనము మనకు మఱింత సన్నిహితమైనది. పట్టునేతగాండ్ర శ్రేణి యొకటి లాటదేశము విడిచి కుటుంబసమేతముగా దశపురమునకు వలసవచ్చి, కుమారగుప్తుని కాలమున క్రీ.శ. 437 ప్రాంతమున సూర్యదేవాలయమును కట్టించినది. తరువాత నది శిథిలము కాగా క్రీ.శ. 473 ప్రాంతమున ఆ శ్రేణివారే జీర్ణోద్ధారము చేయించిరి. ఈ శాసనమున శ్రేణి సభ్యుల వర్ణన కలదు. కొందఱు తమ నేతపనియందే నిలిచి ప్రసిద్ధులైరి. కొందఱు ధనుర్విద్య నేర్చిరి. కొందఱు కథలు చెప్పుటయందు, మఱికొందఱు జ్యోతిషమునందు ప్రవీణులైరి. కొందఱు యుద్ధమున శూరులైరి. వృత్తిసంఘమొకటి తన సభ్యులను గూర్చి చెప్పుకొనిన మాటలలో నిది మిక్కిలి పురాతనమైనదని చెప్పదగును. నేడు మన సంచికలో సభ్యులలో వైద్యులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు, వర్తకులు కలరని మనము వ్రాయుటయు నిదియు ఒక్క తీరువే.

అయినను ఆ శాసనమున రాజుల పేర్లున్నవి, శ్లోకములు రచించిన వత్సభట్టి పేరున్నది. ధనము వెచ్చించి గుడి కట్టించిన నేతగాండ్రలో ఒక్కని పేరైనను లేదు. అందఱును "కొందఱు"గనే మిగిలిపోయిరి. మన చరిత్రమందలి లోటునకు నింతకంటె స్పష్టమైన నిదర్శనము వెదకనక్కఱలేదు.

బట్టను మెచ్చిరి, నేతగాని నెఱుగరు

పదుమూడవ శతాబ్దము చివర వెనిసు దేశీయుడగు మార్కోపోలో మోటుపల్లి సీమనుగూర్చి వ్రాయుచు, అచ్చటి సన్నని బట్టలు సాలెపట్టువలె నుండునని మెచ్చుకొనెను. కాకతి రుద్రమదేవి పాలన సంగతియు నతని వ్రాతలో కలదు. రాణి చరిత్రకెక్కినది, రేవు చరిత్రకెక్కినది, బట్ట చరిత్రకెక్కినది. నేసినవాడు మాత్రము ఎక్కలేదు. 1611వ సంవత్సరమున ఇంగ్లీషు కంపెనీవారు మచిలీపట్టణమున వర్తకస్థానమును నెలకొల్పిరి. అది మొదలు రెండువందల యేండ్లు తెలుగు తీరమునుండి తానులకు తానులు ఓడలెక్కినవి. కంపెనీ లెక్కలలో ఏ రకము తాను, ఎంత పొడవు, ఎంత వెల, ఎంత బయానా యను సంగతులు వివరముగా నుండును. ఆ లెక్కలకు నేతగాడు బాకీపడిన మగ్గము మాత్రమే.

పిమ్మట జనాభా లెక్కలు వచ్చినవి. 1871 మొదలు 1931 వఱకు జరిగిన గణనలలో మన కులము సంఖ్యగా కనబడును. 1909లో థర్‌స్టన్ దొర రంగాచారిగారి సహాయముతో దక్షిణదేశపు కులములను గూర్చి ఏడు సంపుటములు ప్రకటించెను. అందు ఆచారములు, వివాహవిధులు, ఐతిహ్యములు కలవు. పేరును ఊరును కలిగి జీవించిన మనుష్యుడు కనబడుట యరుదు. 1930లో ఆచార్య ఎన్.జి. రంగాగారు దక్షిణదేశపు చేనేతవారి ఆర్థిక సాంఘిక పరిస్థితులను పరిశోధించి ఇంగ్లీషున గ్రంథము ప్రకటించిరి. అది నేతవాని బ్రతుకును దగ్గఱగా జూచిన మేలైన ప్రయత్నము. అయినను అర్థశాస్త్రమునకు కావలసినవి కూలి, ఖర్చు, ఋణములే కదా.

ఈ పద్ధతి నేటికిని మారలేదు. 2019-20లో జరిగిన అఖిలభారత చేనేత గణనము దేశమున 35 లక్షలకు మించి చేనేత పనివారు కలరని తెల్పినది. 1991లో ప్రకాశము, గుంటూరు జిల్లాల నేతవారు ఆకలిచేతను ఆత్మహత్యలచేతను మరణించిరను వార్తలు వచ్చినపుడును, తరువాత సిరిసిల్లలో నట్టి మరణములే సంభవించినపుడును పత్రికలలో ప్రధానముగా కనబడినవి సంఖ్యలే. బ్రతికియున్నపుడు మగ్గముల లెక్కలోను, మరణించినపుడు శవముల లెక్కలోను చేరినవాడు మనుష్యుడుగా నెక్కడ కనబడవలెను? అట్టివానికి మిగిలిన చోటు తన కులసంఘపు సంచిక యొక్కటియే.

కులపురాణము చేసినది, చేయనిది

మనవారు తమ్ముగూర్చి తాము చెప్పుకొననే లేదనుట న్యాయము గాదు. తెలంగాణమున కూనపులివారు మన కులమునాశ్రయించి, చేర్యాల నకాశీలు వ్రాసిన పొడవైన పటమును విప్పి చూపుచు, మార్కండేయ మహర్షి వృత్తాంతమును, భావనాఋషి తామరతూండ్ల నారతో దేవతలకు వస్త్రములు నేసిన కథను రాత్రులు రాత్రులు పాడి వినిపించెడివారు. అక్షరములు రానివారికి సహితము కులగౌరవమును నేర్పిన విద్య యది. ఆ గాయకులకు మనము ఋణపడియున్నాము.

కాని పురాణము మూలపురుషునితో నారంభించి మూలపురుషునితోనే ముగియును. భావనాఋషికిని మన తాతకును నడుమ గడచిన తరములు పటమున లేవు. దేవాంగ దాసిమయ్య వంటి వచనకారుడు, కబీరు వంటి మహానుభావుడు నేతవృత్తియందుండి కీర్తిశేషులైరి. వారును భక్తివలన నిలిచిరిగాని నేతవలన గాదు. వృత్తియందే జీవించి, వృత్తియందే నేర్పు చూపి, వృత్తియందే మరణించిన సామాన్యుని చరిత్రమును వ్రాయుట మనకు మిగిలియున్న పని.

తెలుగున జీవితచరిత్ర రచన

ఈ పని యెట్లు చేయదగునో తెలిసికొనుటకు మన భాషయందే దారులు కలవు. 1829లో కావలి వెంకట రామస్వామిగారు దక్కను కవుల జీవితములను ఇంగ్లీషున వ్రాసి కలకత్తాలో ముద్రింపించిరి. పందొమ్మిదవ శతాబ్దముననే గురజాడ శ్రీరామమూర్తిగారు కవిజీవితములను, కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమును రచించిరి. 1901లో భండారు అచ్చమాంబగారు అబలాసచ్చరిత్ర రత్నమాలను వెలువరించి, స్త్రీల చరిత్రములు వ్రాయదగినవియే యని నిరూపించిరి. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలివారు తమ తొలి గ్రంథముగా 1907లో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రమును ప్రకటించిరి. కట్టెలు కొట్టిన బాలుడు దేశాధ్యక్షుడైన కథతో తెలుగువారికి విజ్ఞానప్రచారము ప్రారంభమైనదన్నమాట.

మన ప్రయత్నమునకు మిక్కిలి దగ్గఱయైన దృష్టాంతము గోలకొండ కవుల సంచిక. తెలంగాణమున తెలుగు కవులు లేరని యొకరు వ్రాయగా, గోలకొండ పత్రికా సంపాదకులగు సురవరము ప్రతాపరెడ్డిగారు కోపోక్తులతో కాలము గడపలేదు. ఊరూరినుండియు కవుల పద్యములను తెప్పించి, 354 మంది కవులతో 1934లో సంచికను ప్రకటించిరి. అదియే సమాధానము. వాదమువలన గెలుచుట కంటె పేర్ల పట్టికవలన గెలుచుట మేలని యా సంచిక మనకు నేర్పుచున్నది. "మా కులము గొప్పది" యని నూఱు పుటలు వ్రాయుట కంటె "వీరు మా కులమువారు, వీరు చేసిన పని యిది" యని పది పుటలు వ్రాయుట బలవత్తరము.

నేటి జీవితసంగ్రహముల తీరు

ఇక మన సంచికల సంగతి. ఇందలి జీవితసంగ్రహములను వరుసగా చదివినచో ఒకదానికిని మఱియొకదానికిని భేదము కనుగొనుట కష్టము. ప్రతివాడును వినయశీలి, దానశీలి, స్నేహశీలి, కులాభిమాని. పై ఛాయాపటమును మార్చి క్రింద నున్న మాటలను అట్లే యుంచినను ఎవరికిని తెలియదు. అందఱకును సరిపోవు పొగడ్త ఎవ్వరికిని చెందదు. పైగా చందా హెచ్చుగా నిచ్చిన వారికి పెద్ద పటమును, తక్కువ యిచ్చిన వారికి చిన్న పటమును, ఏమియు ఈయలేని వారికి శూన్యమును లభించుచున్నది. సంచిక అచ్చుఖర్చులకు చందాలు కావలసినవే. ఇచ్చినవారిని మన్నించుటయు ధర్మమే. కాని చందాల పట్టిక వేఱు, చరిత్రము వేఱు. ఆ రెంటిని కలిపినచో రేపటి పరిశోధకుడు ధనవంతులే మన కులమని భ్రమపడును.

ఒక సభ్యునిగూర్చి "వీరు కష్టజీవులు, స్వయంకృషిచే పైకి వచ్చిరి" యని వ్రాసితిమనుకొందము. చదువరికి తెలిసినదేమి? అదే సభ్యునిగూర్చి "వీరు పండ్రెండవ యేట మేనమామ గుంటమగ్గముపై కూర్చుండిరి, మొదట ముతక పంచెలు, పిదప నూఱవ నంబరు నూలుచీరలు నేసిరి, నూలుధర పెరిగిన యేడు మగ్గము విడిచి షోలాపురము మిల్లునకు పోయిరి, పదియేండ్లకు తిరిగివచ్చి సహకారసంఘమున సభ్యులైరి" యని వ్రాసినచో, ఒక్క మనుష్యుని చరిత్రముతో బాటు నూలువెలల చరిత్రము, వలసల చరిత్రము, సహకారోద్యమ చరిత్రము కూడ తెలియుచున్నవి. కష్టజీవి యను మాట వ్రాయకయే కష్టము కనబడుచున్నది.

రెండు మేలి నిదర్శనములు

కీర్తిశేషులగు కొండా లక్ష్మణ్ బాపూజీగారిని ఎఱుగనివారు మనలో లేరు. 1915లో ఆదిలాబాదు సీమయందలి వాంకిడిలో జన్మించి, న్యాయవాదియై, 1952లో ఆసిఫాబాదునుండి శాసనసభకెన్నికై, 1969లో తెలంగాణోద్యమ సందర్భమున మంత్రిపదవిని త్యజించి, 2012లో దివంగతులైరి. సభలలో మనము చెప్పుకొనునది ముఖ్యముగా మంత్రిపదవీ త్యాగమే. అది చెప్పదగినదే. కాని వారు చేనేత సహకారసంఘముల నిర్మాణమునకై పడిన శ్రమ మన వృత్తిచరిత్రమునకు మఱింత ముఖ్యము. నూలు ఎట్లు తెప్పించిరి, షావుకారుల చేతిలోని నేతవారిని ఎట్లు కూడగట్టిరి, ఏ యూర సంఘము నిలిచినది, ఏ యూర విఱిగినది, ఎందువలన? వారితో పనిచేసిన వృద్ధులు కొందఱు నేటికిని జీవించియున్నారు. వారి జీవితరేఖలు వ్రాసినచో బాపూజీగారి చరిత్రము పూర్ణమగును. నాయకుని చరిత్రము అనుచరుల చరిత్రములలో దాగియుండును.

రెండవ నిదర్శనము ఆలేరు ప్రాంతపు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశముగారిది. పోచంపల్లి చీరకు చిటికి కట్టుటకు ముందు నూలును ఆసు పోయవలెను. ఒక్క చీరకు దారమును అర్ధచంద్రాకారముగా నున్న మేకులపై సుమారు తొమ్మిది వేల మార్లు అటునిటు త్రిప్పవలెను. ఆ పని చేసినవారు స్త్రీలు. భుజము పడిపోయినను చీర ఖరీదులో నా శ్రమకు వేఱుగా పేరు లేదు. ఆఱవ తరగతితో చదువు మానిన మల్లేశముగారు తల్లి లక్ష్మిగారి భుజపునొప్పిని జూచి, యేండ్ల తరబడి శ్రమించి, 1999లో ఆసు పోయు యంత్రమును సాధించి, దానికి లక్ష్మీ ఆసు యంత్రమని తల్లి పేరు పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ బిరుదము లభించినది. పోచంపల్లి నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. అది ఊరి పేరును కాపాడినది. ఈ యంత్రము ఆసు పోసిన యొక తల్లి పేరును కాపాడినది. మన జీవితరేఖలు చేయవలసిన పని సరిగా నిదియే.

ఎట్లు వ్రాయవలెను

కావున సంఘములవారికి కొన్ని సూచనలు మనవి చేయుచున్నాను.

మొదటిది, ప్రతి జీవితరేఖయందును పుట్టిన యూరు, సంవత్సరము, తలిదండ్రుల పేర్లు, పని నేర్పినవారి పేరు, చేసిన పని, పని చేసిన ఊళ్లు తప్పక యుండవలెను. మగ్గముపై నున్నవారైనచో గుంటమగ్గమో పైమగ్గమో, ఏ నంబరు నూలో, ఏ రకపు బట్టయో, ఎవరికి అమ్మిరో వ్రాయవలెను. ఉద్యోగులైనచో వారి యింట మగ్గము ఏ తరమున ఆగినదో, చదువు ఖర్చు ఎక్కడనుండి వచ్చినదో వ్రాయవలెను. వైద్యుడైన కుమారుని వెనుక పడుగు తోడిన తండ్రి యుండును. అతనిని విడిచి వ్రాసిన చరిత్రము సగము చరిత్రము.

రెండవది, స్త్రీలను విడువరాదు. కండెలు చుట్టినవారు, ఆసు పోసినవారు, పడుగునకు గంజి పట్టించినవారు ఎక్కువగా వారే. "ఫలానివారి ధర్మపత్ని" యని యొక్క ముక్కతో ముగింపక, ఆమెను పలుకరించి ఆమె మాటలలో ఆమె పనిని వ్రాసికొనవలెను. ఒక పుటలో భర్తకు చోటిచ్చినపుడు తరువాతి పుట భార్యకీయుట న్యాయము.

మూడవది, పరస్థలములయందున్నవారిని మఱువరాదు. షోలాపురము, భివండి, బొంబాయి, సూరతు మొదలగు పట్టణములకు మన తెలంగాణమునుండి పోయిన కుటుంబములు కలవు. అచ్చటి పిల్లలు తెలుగు మాటలాడుదురుగాని తమ పూర్వుల యూరెఱుగరు. ఏ యూరినుండి, ఏ సంవత్సరమున, ఎవరి వెంబడి పోయిరో యిప్పుడే యడిగి వ్రాయనిచో, మఱొక తరమునకు చెప్పగలవారుండరు. దశపురమునకు వలసవచ్చిన యా శ్రేణి తన పూర్వదేశము పేరును రాతిపై చెక్కించుకొనినది. మనము కాగితముపైనైనను వ్రాసికొనవలదా?

నాలుగవది, సత్యమును విడువరాదు. మగ్గము అమ్మివేసిన సంగతియు, అప్పుల సంగతియు, సంఘము దివాలాయెత్తిన సంగతియు సభ్యులు ఇష్టపడినచో వ్రాయవలెను, ఇష్టపడనిచో మానవలెను. సజీవులనుగూర్చి వ్రాసినది వారికి చదివి వినిపించి, ఒప్పుకొనిన పిమ్మటనే అచ్చునకీయవలెను. పేదఱికము చెప్పుకొనుట యవమానము గాదు. లేని వైభవమును కల్పించుకొనుటయే యవమానము.

ఐదవది, ఎవరిని ముందు పలుకరింపవలెనను ప్రశ్న వచ్చినపుడు వయస్సును బట్టి నిర్ణయింపవలెను గాని హోదాను బట్టి కాదు. ఉన్నతోద్యోగి వచ్చు సంవత్సరమునకును మనకు లభించును. తేలియా రుమాలునకు నూనెలో నూలు నానవేసిన తీరును, ప్రకృతిరంగుల పాళ్ళను, మఱపునబడిన యంచుల పేర్లను ఎఱిగిన యెనుబదియేండ్ల వృద్ధుడు లభింపకపోవచ్చును. అతనితో ఆ విద్యయు మట్టిలో కలియును.

ఆఱవది, అచ్చయిన సంచికను గ్రంథాలయములకు చేర్పవలెను. నేతవారి యూరగు వేటపాలెమున 1918లో నెలకొల్పబడిన సారస్వతనికేతనము పాత పత్రికలను భద్రపఱచి పరిశోధకులకెంతో మేలు చేసినది. హైదరాబాదున 1901లో స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము కలదు. ప్రతి సంవత్సరము రెండేసి ప్రతులను ఇట్టి నిలయములకు పంపుట సంఘమునకు పెద్ద ఖర్చు గాదు. ఇండ్లలోని ప్రతులు చెదలపాలగును. గ్రంథాలయమందలి ప్రతి తరతరములు నిలుచును.

ముగింపు

సోదర సోదరీమణులారా! మహాసభలలో తీర్మానములు చేయుదుము. కొన్ని నెఱవేరును, కొన్ని నెఱవేరవు. ప్రభుత్వములు మాఱును, ధరలు మాఱును, మన కోరికలును మాఱును. కాని యొక సభ్యుని జీవితము నిజముగా వ్రాయబడి అచ్చయినచో దానిని మార్చువారు లేరు. దానికి ఎవరి యనుమతియు, ఎవరి నిధులును మనకక్కఱలేదు. ఒక కలము, కొంత యోపిక, వృద్ధుల యింటి యరుగుపై రెండు గంటల కాలము చాలును. ప్రతి శాఖాసంఘమును సంవత్సరమునకు పదిమంది సభ్యుల జీవితరేఖలను పై తీరున సంపాదించి పంపినచో, పదియేండ్లకు మన కులచరిత్రము మనచేతనే వ్రాయబడియుండును. దశపురపు శ్రేణివారు గుడి కట్టించి తమ పేర్లు చెక్కించుకొనలేదు. ఆ పొరపాటును మనము మరల చేయకుందుము గాక. మన పిల్లలు మనలను "కొందఱు" అని గాక, పేరు పెట్టి పిలుచుకొనునట్లు చేయుదము.

స్వస్తి.